మాచర్ల దారిలో ఖరీదైన పెట్రోలు

కాలువ వంతెన మీద

నకరికల్లు దాటి కాలువ వంతెన ఎక్కుతున్నాం. ముందు సున్నపురాయి లారీ ఒకటి ఆయాసపడుతూ పోతోంది. దాన్ని దాటుదామని మూడో గేరుకి మార్చి కాలు గట్టిగా నొక్కాను. అప్పుడు వినిపించింది. ఇనప డబ్బాలో గుప్పెడు కందులు పోసి ఊపినట్టు, ఇంజను లోపల్నించి సన్నని గలగల. కాలు తీస్తే ఆగింది. నొక్కితే మళ్లీ మొదలైంది. లారీని దాటే ఆలోచన మానుకుని దాని వెనకాలే వంతెన దిగాను.

"అత్తయ్యా, ఏదో చప్పుడు వస్తోంది. మీకు వినిపించిందా?"

వెనక సీట్లో మనవడిని ఒళ్లో పడుకోబెట్టుకున్న మా అత్తయ్య కళ్లు తెరవలేదు. "బండన్నాక సద్దు రాదా ఏంది? కుక్కర్ కూసినా ఉలిక్కిపడేదానివి నువ్వు. నడుపు."

నేను భయస్తురాలినన్న మాట నిజమే. మొదట్నించీ ఇలా లేను. కిందటి వేసవిలో మా చిన్నాడికి జ్వరం పెరిగి ఫిట్సు వచ్చింది. పెద్దయ్యేకొద్దీ పోతుందనీ, ఒళ్లు వేడెక్కకుండా చూసుకుంటే చాలనీ డాక్టరు చెప్పారు. అప్పట్నించి వేడి అన్న మాటే నాకు పడదు. వాడికిప్పుడు నాలుగేళ్లు. వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూడని గంట లేదు. అలాంటి నేను మే నెలలో, నేనే బండి నడుపుకుంటూ, పల్నాడు బయలుదేరాను.

కారణం అత్తయ్యే. గురజాలలో ఉన్న కూతురిని చూడాలని ఉగాది నుంచీ అడుగుతోంది. మా ఆయనకు సెలవు దొరకలేదు. నేను కారు నేర్చుకుని ఏడాదైంది, పిల్లలకి బడి లేదు, మాచర్ల పోయి ఎత్తిపోతల జలపాతం చూసి రావచ్చు అని ధైర్యం చేశాను. కారు మేము కొన్న నాటికే పాతది, చిన్నది. విజయవాడలో బడికీ, మార్కెట్‌కీ, ఆస్పత్రికీ తిప్పిన బండి. గుంటూరు దాటి దాని స్టీరింగ్ పట్టుకోవడం నాకదే మొదలు.

ఇప్పుడు దాని పొట్టలో కందులు ఆడుతున్నాయి.

నరసరావుపేట

ఆ చప్పుడుకి ముందు గంట ఎంత హాయిగా గడిచిందో చెప్పకపోతే ఈ ప్రాంతానికి అన్యాయం చేసినట్టవుతుంది. నరసరావుపేటలో అత్తయ్య చిన్ననాటి స్నేహితురాలు ఉంటుంది. పది నిమిషాలని చెప్పి ఆగాం. గుమ్మంలో చెప్పులు విడిచేలోపే విస్తళ్లు పరిచారు.

నేను తణుకు వైపు పుట్టినదాన్ని. మా వైపు వడ్డించే ముందు "కొంచెం వెయ్యమంటారా అండీ" అని అడుగుతారు. మనం వద్దంటాం. వాళ్లు బతిమాలతారు. మనం సరేనంటాం. అదొక ముచ్చట. ఇక్కడ ఆ తతంగం లేదు. దోసకాయ పప్పు, గోంగూర, నా కళ్లకి నిప్పులా కనిపించిన పండుమిరప పచ్చడి, అన్నీ అడక్కుండా విస్తట్లో పడ్డాయి. నేను చెయ్యి అడ్డం పెడితే ఆ పెద్దావిడ నా చేతి మీదే అన్నం పెట్టబోయింది. అడిగి పెట్టేది హోటల్లోనట. వచ్చిన మనిషికి ఇంత కావాలా అని అడగడం ఈ వైపు అవమానం కింద లెక్క. పల్నాటి మర్యాదకి బ్రేకులు లేవని అప్పుడే అనుకున్నాను. అది మా కారు దాకా వస్తుందని అనుకోలేదు.

పిడుగురాళ్ల దగ్గర రోడ్డు పక్క చెట్ల మీద కూడా సున్నపు దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. అక్కడ తాటి ముంజలు కొన్నాం. డజను వంద అంది అమ్మే ఆమె. అత్తయ్య ఎనభై అంది. "చెట్టు నువ్వెక్కుతావా పెద్దమ్మా, యాభైకే ఇస్తా" అందామె. అత్తయ్య వందా ఇచ్చేసి, దారి పొడుగునా ఆ మాట తలుచుకుని నవ్వుకుంది. నేను మాత్రం ప్రతి మిట్ట మీదా కందులు లెక్కపెట్టుకుంటూ గురజాల చేరాను.

గురజాల

వదిన వాళ్లది మిరప వ్యవసాయం. పంట మార్కెట్టుకి పోయినా, ఇంట్లో గాలి ఇంకా ఘాటుగానే ఉంది. అడుగు పెట్టగానే పిల్లలిద్దరూ తుమ్మారు. తుమ్ము వస్తే మంచి కాపు కింద లెక్కని వదిన వాళ్ల ముక్కులు తుడిచింది.

భోజనాల దగ్గర చప్పుడు సంగతి చెప్పాను. వదిన భర్తని నేను అన్నయ్య అంటాను. ఆరడుగుల మనిషి, గొంతు ఎనిమిదడుగులు. నాటుకోడి ముక్క పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. ఇంతలో పక్కింటి వాళ్లిద్దరు వచ్చి కూర్చున్నారు. పెట్రోల్లో ఏదేదో కలుపుతున్నారు కాబట్టి అన్ని బండ్లూ అట్టాగే అరుస్తున్నాయని ఒకాయన, టౌన్లో తిప్పీ తిప్పీ ఇంజను మొద్దుబారిందని ఇంకొకాయన తేల్చారు. చివరికి అన్నయ్య తీర్పు చెప్పాడు. ఉత్త పెట్రోలు పోస్తే బండికి బలమెక్కడిది, బంకుల్లో పవర్ అని ఖరీదు పెట్రోలు అమ్ముతున్నారు గదా, లీటరుకి ఏడెనిమిది రూపాయలు పైన పడుద్ది, అది పోస్తే గుర్రం లెక్క పోద్ది అని.

నేను బీయస్సీలో కెమిస్ట్రీ చదివాను. ఆ చదువు పాలు విరిగినప్పుడు తప్ప ఎక్కడా పనికి రాలేదు. ఇన్నాళ్లకు అవకాశం వచ్చిందని మొదలుపెట్టాను.

"ఆక్టేన్ నంబరంటే బలం కాదు అన్నయ్యా, ఓర్పు. ఇంజన్లో పెట్రోలు ఆవిరినీ గాలినీ కలిపి నొక్కుతారు. బాగా నొక్కితే నిప్పురవ్వ పడకముందే అది తనంతట తాను అంటుకుంటుంది. అప్పుడే ఈ గలగల. అలా తొందరపడకుండా ఓర్చుకునే గుణానికే ఆ నంబరు. పెద్ద పెద్ద కార్లలో నొక్కుడు ఎక్కువ, వాటికి ఓర్పున్న పెట్రోలు కావాలి. మా బండి అంత నొక్కదు. దానికి మామూలుది చాలు."

"ఓర్పుంటే మంచిదే గదమ్మా" అన్నాడు అన్నయ్య. "ఓర్పున్నోళ్లనే గదా కోడళ్లుగా తెచ్చుకునేది."

"మాకు దొరకలా" అంది అత్తయ్య, పెరుగు కలుపుకుంటూ.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయినా వదల్లేదు. పొట్టివాడికి ఎత్తు గుమ్మం కట్టిస్తే తల తగలదు, నిజమే, కానీ ముందూ తగల్లేదుగా, ఆ ఖర్చు ఎందుకు అన్నాను. ఈ పోలిక నాకే బాగా నచ్చింది. పక్కింటాయన కూడా తలూపాడు. వాదన గెలిచాననుకుని పడుకున్నాను.

పొద్దున లేచేసరికి వాకిట్లో కారు లేదు.

తాళం గూట్లో లేదు. వదిన ఇడ్లీ రేకులు సర్దుతూ ఏం ఎరగనట్టు ఉంది. కాసేపటికి కారు వీధి మలుపు తిరిగి వచ్చింది. కడిగి తుడిచి ఉంది. ముందు అద్దం కింద బంతిపూల దండ. దిగింది అన్నయ్య. ట్యాంకు నిండా ఖరీదు పెట్రోలు.

"రాత్రి అంత చెప్పాను కదా అన్నయ్యా."

"నువ్వు చెప్పింది నీ చదువు. ఇది మా మర్యాద. చెల్లెలి బండి ఉత్త పెట్రోలు తోటి నా గుమ్మం దాటితే ఊళ్లో మొహమెట్టా చూపేది?"

వదిన నన్ను లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉందట. బండి కట్టుకుని చుట్టాలొస్తే మనుషులకి భోజనం పెట్టినా పెట్టకపోయినా, వాళ్ల ఎడ్లకి మాత్రం ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్లట. ఉలవలు తినని ఎడ్లు తిరుగుదారి పడితే ఆ ఇంటికి తలవంపులు. ఎడ్లు పోయాయి, పద్ధతి పోలేదు. తెల్లవారకముందే లేచి, చెల్లెలి బండికి ఆయన ఉలవలు పెట్టి తెచ్చాడు.

ఇంక ఏ కెమిస్ట్రీ మాట్లాడను. పెట్రోలు కంపు కొడుతున్న ఆ చేతులకి దండం పెట్టాలనిపించింది. వదిన అరిసెల డబ్బా, మిరపకాయల సంచి వెనక పెట్టింది. బయలుదేరాం.

రెంటచింతల దారి

చప్పుడు లేదు.

ఊరు దాటగానే కావాలనే కాలు నొక్కి చూశాను. లేదు. మిట్ట మీద మూడో గేరులో నొక్కాను. లేదు. బండి మెత్తగా, ఒద్దికగా పోతోంది. "చూశావా" అంది అత్తయ్య. "మా అల్లుడు చదువుకోకపోయినా సద్దు మాన్పించాడు. నువ్వు రాత్రంతా పాఠం చెప్పావు." పెద్దది హర్షిత, ఎనిమిదేళ్లది, అది కూడా నాన్నమ్మతో కలిసి నవ్వింది. నాకూ తేలికైంది. ఓడిపోయినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

రెంటచింతల ఎండ గురించి వినడం వేరు, అందులో పోవడం వేరు. పదిన్నరకే రోడ్డు నీళ్లలా మెరుస్తోంది. పొలాలన్నీ కోసేసి ఉన్నాయి, ఎర్రమట్టి, అక్కడక్కడ నల్లరాయి, కంటికి ఆనే పచ్చదనం లేదు. మా వైపు మే నెలలో కూడా కాలవ గట్టున నాలుగు కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. ఇక్కడ భూమి ఏ దాపరికం లేకుండా పడుకుని ఉంది. అదీ ఒక అందమే అని అనుకుంటూ ఏసీ పెంచాను.

అప్పుడు హర్షిత అంది, "అమ్మా, పాకం వాసన వస్తోంది."

"అరిసెల డబ్బా మూత ఊడి ఉంటుంది, చూడు."

మూత బాగానే ఉందట. సరేలే అన్నాను. కానీ నా మనసు వేరే దారి పట్టింది. రాత్రి చెప్పిన పొట్టివాడు గుర్తొచ్చాడు. ఎత్తు గుమ్మం కట్టించాక తల తగలడం మానేసిందంటే, అంతకుముందు తగులుతోందన్నమాట. రెండేళ్లుగా అదే బండి, అదే పెట్రోలు, ఎన్నడూ తగలని తల నిన్న ఎందుకు తగిలింది? గుమ్మం మారలేదు. పొట్టివాడే మారి ఉండాలి. ఇంజను ఎప్పటికన్నా ఎక్కువగా కాగుతుంటే తప్ప మామూలు పెట్రోలు ఓర్పు చాలకపోవడమంటూ ఉండదు. ఆ చప్పుడు పెట్రోలు మీద ఫిర్యాదు కాదు. వేడి మీద. మేము వేడి తగ్గించలేదు. ఆ మాట చెప్పే నోరు మూయించాం.

"అమ్మా, నిజంగా పాకం వాసనే."

ఈసారి నాకూ తగిలింది. ఏసీ గాలిలోంచి తియ్యగా, వెచ్చగా. ఇంజన్ను చల్లబరిచే నీళ్లలో కలిపే మందు తియ్యటి వాసన వేస్తుందని నాకు తెలుసు. కాలేజీ ల్యాబులో దాని సీసా మూత తీసి వాసన చూసినదాన్నే.

అటూ ఇటూ చూశాను. దూరంగా రోడ్డు పక్కన ఒక తాటాకుల పందిరి. దాని దాకా పోతే చాలు. ఏసీ ఆపేసి, కాలు తేలిగ్గా ఉంచి, నిదానంగా తీసుకుపోయాను. పందిరి పక్కన ఆపుతుండగా ఇంజను కాగిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది.

చలివేంద్రం

అది చలివేంద్రం. ఇసుకలో కుదురుగా మూడు కుండలు, పైన తడిగుడ్డలు, ఒక స్టీలు బిందెలో మజ్జిగ. నడుపుతున్నది మరియమ్మ అనే పెద్దావిడ, మెడలో జపమాల. చర్చి వాళ్లు ఏటా పెడతారట, నీళ్లు పొయ్యడం ఆమె వంతు.

ముందు చిన్నాడిని నీడలోకి తెచ్చాను. చొక్కా విప్పి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, నుదుటి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఎండ వెచ్చదనమా, జ్వరమా అని పదిసార్లు చూశాను. వాడు మజ్జిగ తాగి, మూతి మీది తెల్లటి మీసం తుడుచుకుని, ఇంకో గ్లాసు అడిగాడు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

వెనక్కి తిరిగేసరికి అత్తయ్య బానెట్ ఎత్తించుకుని నిలబడి ఉంది. అటుగా పోతున్న ఆటోవాలా ఎవరో సాయం చేసి పోయాడు. ఒక చేతిలో కుండలోంచి ముంచిన చెంబు. రెండో చేతికి చీర కొంగు చుట్టుకుని రేడియేటర్ మూత మీద వేసింది.

"ముట్టుకోకండి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెళ్లై పదేళ్లలో అత్తయ్యతో అలా మాట్లాడింది లేదు. పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. చెంబులో నీళ్లు ఇద్దరి మీదా ఒలికాయి. "అది తెరిస్తే లోపలి ఆవిరి మొహం మీదికి వస్తుంది. కాగిన ఇంజన్లో చన్నీళ్లు పోస్తే పగులుతుంది కూడా. చల్లారేదాకా ఎవరూ దగ్గరికి రావద్దు."

అత్తయ్య నన్ను చూసింది, బండిని చూసింది, పోయి మనవడి పక్కన కూర్చుంది.

మరియమ్మ అభ్యంతరం మాత్రం వేరు. "అయి తాగే నీళ్లమ్మాయ్. మనుషులకని మొక్కి పెట్టినయ్యి. బండికి పొయ్యటానికి ఒప్పుకోను." తర్వాత చల్లగా, "మా ఇల్లు అదిగో, బోరుంది. బండి తాగేదానికి అయి తెచ్చుకో" అని ఖాళీ బిందె ఒకటి చేతికిచ్చింది.

చల్లారడానికి గంట పైనే పట్టింది. ఆ గంట నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా బాగా గుర్తుండిపోయింది. అత్తయ్యా, మరియమ్మా ఒకే నులక మంచం మీద కూర్చుని మోకాళ్ల నొప్పులు కలబోసుకున్నారు. మా ఇంట్లో వేరేవాళ్ల గ్లాసులో నీళ్లు తాగని అత్తయ్య, అక్కడ మరియమ్మ తాగిన గ్లాసే కడిగించుకోకుండా అందుకుంది. ఇంత ఎండలో ఎట్టా ఉంటున్నారని అడిగితే మరియమ్మ గర్వంగా చెప్పింది, "ఎండలో మమ్మల్ని మించినోళ్లు లేరు. వార్తల్లో మా ఊరి పేరు వచ్చేది దీనికొక్కదానికేగా. ఒక డిగ్రీ తగ్గి ఇంకో ఊరు ముందుకొస్తే మాకు చానా చిన్నతనం." వదిన ఇచ్చిన అరిసెలు సగం ఆ పందిట్లోనే అయిపోయాయి.

బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగాక, గుడ్డ వేసి మూత కొద్దికొద్దిగా తిప్పాను. లోపల నీళ్లు అడుగంటాయి. కింద గొట్టం అతుకు దగ్గర తడి. నిన్నటి నుంచీ చుక్క చుక్కా కారుతోందన్నమాట. మొదటి బిందె పోశాను, రెండోది సీసాల్లో నింపి దగ్గర పెట్టుకున్నాను. దారిలో ఒకసారి ఆగి మళ్లీ పోస్తూ, గంటకు నలభై దాటకుండా మాచర్ల చేరాం.

మాచర్ల

మెకానిక్ గొట్టం మార్చి, కొత్త క్లిప్పు బిగించి, మందు కలిపిన నీళ్లు నింపాడు. ఇంజన్‌కి ఏమీ కాలేదన్నాడు. ఇంకో పది కిలోమీటర్లు అలాగే పోయి ఉంటే ఇంజను విప్పాల్సి వచ్చేదట. వెళ్లేముందు సలహా కూడా ఇచ్చాడు. "ఇంకమీద పవర్ పెట్రోలే కొట్టించండి మేడం, ఇంజను సల్లగుంటది." అదేం చల్లబరచదని చెప్పబోయి, ఆయన పని బాగా చేశాడు కదా అని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం లాడ్జి గదిలో అన్నయ్య ఫోను చేశాడు. జరిగింది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. ఆయన పెట్టిన ఉలవల వల్లే చప్పుడు దాక్కుందని ఎలా చెప్పను? అత్తయ్య ఫోను లాక్కుంది.

"బండి జోరుగానే పోయింది అల్లుడూ. నీళ్ల గొట్టం కారితే కోడలు చూసుకుంది." కాసేపు విని మళ్లీ అంది, "లేదు లేదు, ఈ పిల్ల భయపడటం మంచిదైంది. మేం భయపడకపోబట్టే గదా అందాకా వచ్చింది."

ఫోను నాకిచ్చి అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఉదయం ఎత్తిపోతలకి బయలుదేరే ముందు పిల్లలిద్దరినీ కారు దగ్గర నిలబెట్టాను. నిన్న భయపడ్డావా అని హర్షిత అడిగింది. భయపడ్డానని చెప్పాను, చానా అని నాన్నమ్మ మాటలో చెబితే ఇద్దరూ నవ్వారు. అప్పుడు వాళ్లకి ఇలా చెప్పాను.

"మామయ్య పోయించిన పెట్రోలు ప్రేమతో పోయించింది. పారెయ్యం, వాడుకుంటాం. కానీ అది ట్యాంకులో ఉన్నన్నాళ్లూ ఈ బండికి ఒంట్లో బాగాలేకపోయినా పైకి చెప్పదు. అయిపోయాక మామూలుదే పోయిద్దాం. అందాకా ఆగిన చోటల్లా మనమే దిగి దాన్ని అడగాలి. హర్షితా, నువ్వు వాసన చూడు. చిన్నా, నువ్వు కింద తడి ఉందేమో చూడు. ఏదైనా తేడా అనిపిస్తే వెంటనే నాకు చెప్పండి. నేను ఏం లేదులే అంటే ఊరుకోవద్దు. మళ్లీ చెప్పండి."